స్లొవేనియా చూడటానికి పది కారణాలు

ఈ కథలో తప్పు నాది. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి అప్పుడు కళ్ళొత్తుకుంటే మీరు జాలిపడి నన్ను వదిలేస్తారేమోనని భయం.

చంద్రపూర్‌లో తుకుం మెయిన్ రోడ్డు మీద మా ట్రావెల్స్ ఆఫీసు. వీసా ఫైళ్ళన్నీ నా టేబుల్ మీదుగానే వెళ్తాయి. డాక్టర్లు, బొగ్గు గనుల ఆఫీసర్లు, బంగారం దుకాణాల వాళ్ళు, ఎవరు ఏ దేశం వెళ్ళాలన్నా "మేము ఫలానా దేశం ఎందుకు చూడదలచుకున్నామంటే" అని శ్రీవాణి మేడమ్ ఉత్తరం రాయాల్సిందే. పదకొండేళ్ళలో నేను రాసిన ఉత్తరం ఒక్కటి కూడా తిరిగి రాలేదని ఆఫీసులో పేరు. ఆ పేరు పుణ్యమా అని నా కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

మార్చి నెలలో ఒక మధ్యాహ్నం దంతాల డాక్టరు దంపతులు నా ముందు కూర్చుని స్విట్జర్లాండా, ఆస్ట్రియానా అని తర్జనభర్జన పడుతున్నారు. అప్పుడు అద్దాల తలుపు తోసుకుని మా బాపయ్య మామ లోపలికొచ్చాడు. మా అమ్మకు సొంత తమ్ముడు. భుజం మీద తువ్వాలు, చేతిలో సత్తు క్యాను, ఒంటి నిండా పొగ వాసన. జివతి కొండల మీద తేనె తీసేవాళ్ళ ఒంటికి ఆ వాసన ఎన్ని స్నానాలు చేసినా పోదు.

"శ్రీవాణీ, మంచిగున్నవా బిడ్డా?" అన్నాడు. మామ గొంతు కొండకు ఈ వైపు నుంచి పిలిస్తే ఆ వైపు వినిపించేంత ఉంటుంది.

డాక్టరు గారి భార్య నావైపు చూసింది. నేను నవ్వి, మరాఠీలో, "గావాకడచే ఆహేత్, ఓళఖీచే" అన్నాను. ఊరి మనిషి, తెలిసినవాళ్ళు అని. మామకు మరాఠీ నాకంటే బాగా వచ్చు. వెళ్ళి నీళ్ళ ఫిల్టరు పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. డాక్టరు దంపతులు ఆస్ట్రియాకే ఖాయం చేసుకుని లేచేసరికి ముప్పావు గంట పట్టింది. అంతసేపూ ఆయన క్యాను ఒళ్ళో పెట్టుకుని, గోడ మీది మంచు కొండల బొమ్మలు చూస్తూ కూర్చున్నాడు. నాకు చెమటలు పట్టాయి. ఎండకు కాదు.

వాళ్ళు వెళ్ళాక మామను చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయాను. ఆఫీసులో కూర్చోబెట్టి మాట్లాడవచ్చు, నా టేబుల్‌కు ఎదురుగా రెండు కుర్చీలున్నాయి. కానీ బండి దగ్గరికే తీసుకుపోయాను.

"నేను స్లొవేనియా పోతున్న" అన్నాడు మామ.

చాయ్ నా గొంతుకు అడ్డం పడింది. ఆ దేశం పేరు మా ఆఫీసులో పనిచేసే వాళ్ళలో సగం మందికి పలకడం రాదు.

సంగతి ఏమిటంటే, రెండేళ్ళ కిందట నాగపూర్ నుంచి అమిత్ సార్ అనే ఆయన జివతికి వచ్చి, చెట్ల మీది తుట్టెలు కాల్చకుండా పెట్టెల్లో తేనెటీగలు పెంచడం నేర్పించాడు. మామ ఇప్పుడు నలభై పెట్టెలు పెంచుతున్నాడు. స్లొవేనియా చిన్న దేశమట. మన రెండు మూడు జిల్లాలు కలిపితే అంత ఉంటుంది. అక్కడ తేనెటీగలకు చెక్క ఇళ్ళు కడతారట, గూటి పలకల మీద రంగుల బొమ్మలు వేస్తారట, అవి చూడటానికే దేశదేశాల నుంచి జనం వస్తారట. అక్కడి పెంపకందార్ల సంఘం పిలిస్తే అమిత్ సార్ విదర్భ నుంచి ఎనిమిది మంది రైతులను మే నెలలో పది రోజులు తీసుకుపోతున్నాడు. ఏడుగురి ఫైళ్ళు ఆయనే తయారు చేస్తున్నాడు.

"నాది మాత్రం నా మేనకోడలే చేస్తదని చెప్పిన సారుకు" అన్నాడు మామ. "చంద్రపూర్ల గంత పెద్ద ఆఫీసుల మా బిడ్డ ఉంటె వేరేటోళ్ళతోని ఎందుకు చేయించుకుంట అన్న. తప్పా?"

తప్పేమీ లేదన్నాను. ఆయన సంచిలోంచి కాగితాలు తీశాడు. పాస్‌పోర్టు, ఆధార్, మహారాష్ట్ర రేషన్ కార్డు, తెలంగాణ రేషన్ కార్డు, ఇద్దరు సర్పంచులు విడివిడిగా రాసిచ్చిన సర్టిఫికెట్లు.

"ఇన్ని ఎందుకు మామా?"

"రెండు సర్కార్లు నన్ను ఎరుగుదుమంటున్నయి. మంచిదే గద."

నాకు నవ్వొచ్చింది, తర్వాత ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూశాను.

మా ఊరు రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని పట్టుకున్న ఊళ్ళలో ఒకటి. రెండు పంచాయతీలు, రెండు బడులు, ఇంటికి రెండేసి కార్డులు. మరాఠీ ఆఫీసరు వస్తే ఆ కార్డు తీసి మరాఠీలో మాట్లాడతాం. తెలంగాణ ఆఫీసరు వస్తే ఈ కార్డు తీసి తెలుగులో మాట్లాడతాం. చిన్నప్పుడు సర్వేకు వచ్చిన ఒకాయన "మీది ఏ రాష్ట్రం పాపా?" అంటే "రెండూ" అన్నాను. మా అమ్మ వెనక నుంచి తొడపాశం పెట్టింది. నీలం మచ్చ వారం రోజులుంది. ఆఫీసరు ముఖం చూసి ఆయన ఏది వినాలనుకుంటున్నాడో అది చెప్పాలి. ఏ రోటికాడ ఆ పాట. ఆ చదువు నాకు బడి చదువు కంటే బాగా ఒంటబట్టింది. వీసా ఉత్తరాలు రాయడం కూడా నాకు ఇంకెవరూ నేర్పలేదు.

కాబట్టి ఎంబసీవాళ్ళు ఏం వినాలనుకుంటారో అదే రాద్దామని కూర్చున్నాను.

"ఎందుకు పోతున్ననో చెప్తా రాసుకో. నేను ఇన్నేండ్ల సంది..." అని మామ మొదలుపెట్టాడు.

"నువ్వాగు మామా. తేనెటీగల కోసం అంటే నవ్వుతరు. రైతువు, పొలంల కూలికి పోతున్నవనుకుంటరు. టూరిస్టు అంటే టూరిస్టు లెక్కనే ఉండాలె."

ఆ కూలి మాట పూర్తిగా అబద్ధం కాదు, అలా అనుమానపడే వాళ్ళు ఉంటారు. కానీ నేను దాన్ని అడ్డం పెట్టుకున్నాను. అసలు విషయం, నా చేతి మీదుగా వెళ్ళే ఫైల్లో "తేనె తీసేవాడు, తేనెటీగలను చూడటానికి వెళ్తున్నాడు" అని ఉండటం నాకు ఇష్టం లేదు. మా ఆఫీసు యజమాని సేఠ్ ప్రతి ఫైలూ తిరగేస్తాడు. ఇంటిపేరు చూసి, ఊరు చూసి, "మీ వాళ్ళా మేడమ్?" అని అడుగుతాడు. నా ముక్కు మీద కోపం గురించి అందరికీ తెలుసు గానీ, ఈ పిరికితనం గురించి ఎవరికీ తెలియదు.

ఇంటర్నెట్‌లో వెతికి ఇంగ్లీషులో పది కారణాలు తయారు చేశాను. సరస్సు, సరస్సు నడుమ దీవి, దీవి మీద చర్చి, అక్కడ గంట మోగించి కోరుకుంటే నెరవేరుతుందని నమ్మకం. కొండ అంచున కోట. చిన్న రైలెక్కి లోపలికి వెళ్ళే గుహ. రాజధానిలో డ్రాగన్ బొమ్మల వంతెన. మంచు పర్వతాలు, సముద్రం ఒడ్డున పాత పట్టణం, ఫలానా కేకు. పదోదిగా "ఐరోపా ప్రశాంతతను ఆస్వాదించాలన్న నా చిరకాల వాంఛ" అని రాశాను. ఆ వాక్యం రాసి, నా భుజం నేనే తట్టుకున్నాను. తేనెటీగ అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. అమిత్ సార్ మామతో పంపిన స్లొవేనియా సంఘం ఆహ్వానం కాగితం కూడా తీసి డ్రాయర్‌లో పెట్టేశాను.

ఢిల్లీ నుంచి ఫోన్ చేసి హిందీలో అడుగుతారని ఆ పదీ హిందీలో చెప్పి బట్టీ పట్టించాను. ఆదివారం మామ మా ఇంట్లో చాప మీద కూర్చుని, నా కూతురు హర్షిత పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. మధ్యలో ఆగి సందేహాలు.

"గంట కొట్టి మొక్కుకునుడేంది బిడ్డా? మన మహాకాళమ్మ దగ్గర గంట లేదా?"

"ఉంది మామా. నువ్వు చెప్పు, తర్వాతది."

"కోట. కోటకు గంత దూరమెందుకు? నువ్వు రోజు చంద్రపూర్ కోట జట్‌పురా గేటు కింది నుంచే గద పోతవు."

హర్షిత పడీ పడీ నవ్వింది. నేను కసిరాను. మామ మెల్లగా అన్నాడు, "బిడ్డా, మన ఊళ్ళె ఎట్లయినా రెండు తీర్ల మాట్లాడుడే. ఈ ఒక్కపారి ఉన్నది ఉన్నట్టు చెప్తె కాదా?"

"నీకు తెల్వదు మామా. ఇది నా పని."

"గట్లనే తియ్" అన్నాడు. సంతకం పెట్టాడు. తెలుగులో, ఒక్కో అక్షరం విడివిడిగా.

ఏప్రిల్ చివర్లో ఒక ఉదయం ఫోన్ చేశాడు. ఎంబసీ నుంచి కాల్ వచ్చిందట. "మంచిగనే చెప్పిన బిడ్డా, పదికి పది" అన్నాడు. గొంతులో హుషారు లేదు. నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత పాస్‌పోర్టు వచ్చింది, వీసా లేకుండా. జత చేసిన కాగితం మీద వరుసగా గళ్ళు, ఒక గడిలో టిక్కు. పర్యటన ఉద్దేశం గురించి మీరిచ్చిన సమాచారం నమ్మదగినదిగా లేదు అని దాని అర్థం. మిగతా ఏడుగురికీ వీసాలు వచ్చాయి.

ఆ కాగితం పట్టుకుని అరగంట బాత్రూమ్‌లో నిలబడ్డాను. మామకు ఏమని చెప్పాలి? ఉన్నమాట చెప్పడానికి ఫోన్ తీశాను, నిజంగా అందుకే తీశాను. ఆయన "ఏమైంది బిడ్డా?" అనగానే నా నోటి నుంచి వచ్చింది వేరు.

"రాలే మామా. ఫోన్‌ల ఏదో తప్పు చెప్పినట్టున్నవు."



"అయ్యో" అన్నాడు. "నీ పేరు ఖరాబు చేస్తిని గదనే. మీ సేఠ్ ఏమన్న అన్నడా?"

"లేదులే" అన్నాను. ఫోన్ పెట్టేశాను.

ఏడుగురూ వెళ్ళారు. నాగపూర్ నుంచి విమానం ఎక్కుతూ తీసుకున్న ఫొటో ఎవరో మామకు పంపితే, మామ మా అమ్మకు పంపితే, అమ్మ నాకు పంపింది. ఫోన్‌లో చెప్పింది కూడా, "మా బాపడు ఊళ్ళె అందరికి చెప్పుకుంటుండు. మా శ్రీవాణి మస్తు మంచిగ రాసింది, నేనే మాట తప్పి ఖరాబు చేసుకున్న అని. ముసలోనికి గంత ఆశెందుకే?" అని నవ్వింది. నేను కూడా నవ్వాను. ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా సహించలేదు.

జూన్ మొదటి వారంలో అమిత్ సార్ మా ఆఫీసుకు వచ్చాడు. తెలివైన మనిషి, చిన్నవాడు. మా సేఠ్ పక్కనే ఉన్నాడు.

"మేడమ్, బాపయ్యగారి ఉత్తరం కాపీ ఒకసారి చూపిస్తారా? ఆయన నాకు చెప్పడం లేదు" అని మరాఠీలో అడిగాడు.

తీసిచ్చాను. చదివాడు. రెండో పేజీ తిప్పి మళ్ళీ మొదటి పేజీకి వచ్చాడు.

"ఇందులో తేనెటీగలు లేవేమిటి? మా ఏడుగురిదీ ఒకటే పేజీ. తేనెటీగలు పెంచుతాం, అక్కడి పెంపకం చూస్తాం, ఇంటికి వస్తాం. అంతే. ఒకే గుంపులో ఎనిమిదో మనిషి కేకు తినడానికి వస్తున్నానంటే ఎవరైనా ఎందుకు నమ్ముతారు?" కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "ఆహ్వానం కూడా పెట్టలేదా?"

అది అప్పటికీ నా మోకాలి పక్క డ్రాయర్‌లోనే ఉంది. సేఠ్ నావైపు చూశాడు. "ఎవరు రాశారు మేడమ్ ఇది?" అన్నాడు.

"క్లయింటు చెప్పిందే రాశాం సార్" అన్నాను.

ఆ మాట అంటున్నప్పుడు నా చెవులు వేడెక్కడం నాకే తెలిసింది. అమిత్ సార్ కాగితాలు మడిచి టేబుల్ మీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు సెలవు పెట్టి జివతి బస్సెక్కాను. దారి పొడవునా ఎలా చెప్పాలో అల్లుకున్నాను. మొదట ఆరోగ్యం అడగాలి, తర్వాత అమిత్ సార్ వచ్చిన సంగతి, తర్వాత మెల్లగా అసలుది. గడ్‌చాందూర్ దాటి ఘాట్ ఎక్కేసరికి అల్లిందంతా ఊడిపోయింది.

మామ ఇంటి వెనక పెట్టెల దగ్గర ఉన్నాడు. వాన ముందరి ఉక్క. ముఖానికి జాలీ కట్టుకుని ఒక పెట్టె మూత మెల్లగా దించుతున్నాడు. నన్ను చూసి జాలీ పైకి తీశాడు.

"ఏంది బిడ్డా, చెప్పకుంట వచ్చినవ్? ఓ దుర్గమ్మా, చాయ్ పెట్టు" అని అత్తను కేకేశాడు.

"మామా, నువ్వు ఫోన్‌ల తప్పు చెప్పలే. తప్పు నాది. ఉత్తరమే తప్పు. తేనెటీగల మాట నేనే తీసేసిన, సారు ఇచ్చిన కాయితం నేనే దాచిపెట్టిన. నాకు... నాకు నామోషీ అయింది మామా. మా ఆఫీసుల అందరు నవ్వుతరని." అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. నిలబడే చెప్పాను.

ఆయన ఆశ్చర్యపోలేదు. జాలీ మడతపెట్టి పెట్టె మీద పెట్టాడు.

"ఎరుకే బిడ్డా" అన్నాడు.

"ఏం ఎరుక?"

"ఢిల్లీ నుంచి ఫోన్ చేసినామె మంచి మనిషే. పది చెప్పనిచ్చింది. చెప్పినంక అన్నది, 'బాబా, మీ గుంపుల ఏడుగురు తేనెటీగల కోసం పోతున్నరు, మీరొక్కరే ఇట్ల రాసిండ్రు. ఎవరన్న రాసిచ్చిండ్రా? పేరు చెప్పుండ్రి, మీకేం కాదు' అన్నది. ఎవ్వరు రాయలేదు, నేనే రాసిన అన్న."

"మామా..."

"'ఉత్తరం ఇంగ్లీష్‌ల ఉన్నది, మీకు ఇంగ్లీష్ వస్తదా?' అన్నది. వస్తది అన్న. ఇంకేం చేస్త మరి? ఇంగ్లీష్‌ల ఏందో అడిగింది. యెస్ అన్న. ఇంకోటి అడిగింది. దానికి సుత యెస్ అన్న. అంతల ఆమెనే ఫోన్ పెట్టేసింది."

ఆయన నవ్వాడు. నేను ఆ ఫోన్ కాల్‌ను నా కళ్ళ ముందు చూస్తున్నాను. అరవై రెండేళ్ళ మనిషి, ఒక్క ముక్క అర్థం కాకుండా, నా కోసం యెస్ యెస్ అంటూ నిలబడి ఉన్నాడు. నేను ఆయనకే ఫోన్ చేసి తప్పు నువ్వే చెప్పావన్నాను. భూమి చీలితే అందులోకి దిగిపోవాలనిపించింది.

"నా పేరు ఎందుకు చెప్పలేదు మామా?"

"ఎట్ల చెప్త? నీ నౌకరి మీదికి రాదా? మనోళ్ళల్ల గసుంటి కుర్చీల కూసున్నది నువ్వొక్కదానివే."

దుర్గమ్మ అత్త చాయ్ తెచ్చి అరుగు మీద పెట్టి, మా ముఖాలు చూసి లోపలికి వెళ్ళింది. నేను సంచిలోంచి నోటు పుస్తకం తీశాను. ఏదో ఒకటి చేయకపోతే ఆయన ముఖం చూడలేను.

"వచ్చే ఏడు సారు మళ్ళ తీసుకపోతడట. మళ్ళ పెడదాం మామా. ఈసారి నువ్వు చెప్పు, నువ్వు చెప్పిందే రాస్త. ఎందుకు పోవాలె నీకు?"

అడిగాక తెలిసింది, మార్చి నుంచి ఇప్పటిదాకా ఈ ప్రశ్న నేను ఆయన్ను ఒక్కసారి కూడా అడగలేదని.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టాడు. పెట్టెల వైపు చూశాడు.

"ముప్పై ఏండ్లు తుట్టెలు కాల్చిన బిడ్డా. కాగడ పెడితే రెక్కలు కాలి రాలిపడుతుండె. కొన్ని సావయి. నడుచుకుంట పోతయి. మన కాళ్ళ కిందనే. ఎగరనీకి రాదు గద, నడుస్తయి. తొక్కుకుంట పోయి తేనె పిండుకున్న. అప్పుడు ఏమనిపియ్యలే. గీ పెట్టెలు పెట్టినంకనే, అవి ఒకదాన్నొకటి ఎట్ల అరుసుకుంటయో, సాదుకుంటయో చూసినంకనే మనసు కలుక్కుమన్నది. ఇప్పుడు మూత తీసినప్పుడల్ల నాకు వాటి మొఖం చూడాల్నంటె సిగ్గైతది. ఆ దేశంల తేనెటీగ సస్తె, పసులకు అన్నట్టు 'సచ్చింది' అనరట. మనిషికి అన్నట్టే 'పోయింది' అంటరట, అమిత్ సారు చెప్పిండు. గట్ల చూసుకునేటోళ్ళను ఒక్కపారి కండ్లార చూసి, ఎట్ల చూసుకోవాల్నో నేర్చుకొని రావాలె. గంతే."

ముప్పై ఏళ్ళు. గడ్‌చాందూర్ హాస్టల్‌లో నేను చదువుకున్న ఆరేళ్ళూ వాటిలోనే ఉన్నాయి. నా పుస్తకాలు, నా ఫీజు, నా మొదటి చెప్పుల జత, అన్నీ ఆ తేనెతో వచ్చినవే.

"ఇది ఆమెకు చెప్పకపోయినవా మామా?" అన్నాను. "అంత మంచిగ అడిగింది గద. ఇదొక్కటి చెప్తే అయిపోతుండె."

"నోటిదాంక వచ్చింది" అన్నాడు మామ. "గని నువ్వు రాసిన పదింట్ల అది లేకుండె గద బిడ్డా."

నేను తల వంచుకుని ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. ఒక పేజీ కూడా నిండలేదు. ఆయన పక్కకు వచ్చి కూర్చుని, పుస్తకంలోకి తొంగి చూసి, చదివి వినిపించమన్నాడు. "ముప్పై ఏండ్లు తుట్టెలు కాల్చిన" అన్న మొదటి వాక్యం దగ్గరే ఆగాను. నేను చదవలేకపోయాను.